బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే "షుగరుంది బిడ్డా" అంది: అడుక్కునేవాళ్ళకు డబ్బా, తిండా?

ఉప్పల్_బండి
రోజూ ఉప్పల్ రింగ్ రోడ్డు మీదుగా స్కూటీ మీద ఆఫీసుకు పోతాను. సిగ్నల్ దగ్గర ఒక పెద్దమ్మ ఉంటుంది. వయసు డెబ్బై దగ్గర. డబ్బివ్వకూడదు, తిండే పెట్టాలి అని నాకో రూలు. ఎవరు చెప్పారో గుర్తులేదు గానీ నాలుగైదేళ్ళుగా పాటిస్తున్నా. అందుకే డిక్కీలో ఎప్పుడూ పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు ఐదారు ఉంటాయి.

మొన్న సోమవారం ఆమెకు ఒకటి ఇవ్వబోయాను. చెయ్యి చాపలేదు. "షుగరుంది బిడ్డా, ఇవి తినొద్దన్నరు. గోలీలకు పది రూపాయలియ్యరాదు" అంది.

గ్రీన్ లైట్ పడింది, వెనక హారన్లు. నేను ప్యాకెట్ మళ్ళీ డిక్కీలో పడేసుకుని వచ్చేశాను. పది రూపాయల బిస్కెట్ ఇవ్వగలిగినవాణ్ణి పది రూపాయలు ఎందుకు ఇవ్వలేకపోయానో వారం నుంచి అర్థం కావట్లేదు. మీరంతా ఏం చేస్తారు? దానం గొప్పతనం గురించి కాదు, నిజంగా రోడ్డు మీద చేసేది చెప్పండి.

రాత్రి_షిఫ్టు
ఏమీ ఇవ్వను. డబ్బూ ఇవ్వను, తిండీ ఇవ్వను. కారణం చెప్తాను. మా ఆఫీసు దారిలో ఒకే పసిపిల్లను ఒకే వారంలో ముగ్గురు ఆడవాళ్ళ చంకల్లో చూశాను. గులాబీ రంగు టోపీ, అదే ముక్కు. ఆ పిల్ల ఎప్పుడు చూసినా నిద్రే. ఏప్రిల్ ఎండలో, లారీ హారన్ల మధ్య ఏ పసిబిడ్డ అలా నిద్రపోతుంది? దాని నోట్లో ఏం పోశారో ఆలోచిస్తేనే కడుపులో తిప్పుతుంది. నా పది రూపాయలు ఆ సీసాకు పోకూడదు. అంతే.

టిఫిన్_కొట్టు
ఇరవై రెండేళ్ళుగా గుడి ఎదురుగా టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. ఊరు గుంటూరు, ఏ గుడో చెప్పను.

మంగళవారం, శనివారం ఆంజనేయస్వామి గుడి మెట్ల మీద కూర్చునేవాళ్ళకు ఒక్కొక్కరికి ఏడెనిమిది పులిహోర పొట్లాలు వస్తాయి. పుట్టినరోజని, పెళ్ళిరోజని, తద్దినమని కార్లలో తెచ్చి పంచి, ఫోటో దిగి వెళ్తారు. రెండయ్యేసరికి పులిహోర వాసన మారుతుంది. సాయంత్రం మున్సిపాలిటీ బండి ఎత్తుకుపోతుంది. బుధవారం పొద్దున అదే మనుషులు నా కొట్టు ముందు నిలబడి అప్పు మీద రెండిడ్లీ అడుగుతారు. పులిహోరను బుధవారానికి దాచుకోలేరు కదా. పది నోటును దాచుకోగలరు.

రాత్రి కొట్టు కట్టేముందు ముగ్గురు నలుగురు చిల్లర తెస్తారు. నాకు చిల్లర కావాలి, వాళ్ళకు నోట్లు కావాలి. కొంతమంది షాపులవాళ్ళు వందకు ఐదు కోసుకుంటారు. నేను కోసుకోను. పుణ్యం కోసమేం కాదు, కోసుకుంటే వాళ్ళు పక్క కొట్టుకు పోతారు, పొద్దున నాకు చిల్లర ఉండదు. అందుకని ఎవరికి ఎంత వస్తుందో నాకు తెలుసు. కాళ్ళు లేని ఆయనకు శనివారం మూడు వందలు దాటుతుంది. మామూలు రోజున ఎనభై, తొంభై. మేడలు కట్టిన ముష్టివాళ్ళ కథలు ఫోన్లో నాకూ వస్తుంటాయి. ఆ మేడవాడు ఒక్కడూ ఇన్నేళ్ళలో నా కొట్టుకు రాలేదు.

తాగుతారా అంటే, తాగేవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ నాకు తెలుసు. వాళ్ళకు ఇడ్లీ పెడతాను, డబ్బివ్వను. మిగతావాళ్ళకు డబ్బే ఇస్తాను.

ఇంకోటి. పది రూపాయల బిళ్ళ ఇస్తే వద్దన్నాడు, ముష్టివాడికి ఎంత పొగరో అంటుంటారు. మన దగ్గర సగం కొట్లలో ఆ బిళ్ళ తీసుకోరు. చెల్లుతుందని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పినా సరే తీసుకోరు. మీ దగ్గరే చెల్లని బిళ్ళ వాళ్ళ దగ్గర ఎలా చెల్లుతుంది?

గోదారి_గట్టు
మా తాతగారు రాజమండ్రిలో వారాలు చేసుకుని చదువుకున్నారు. ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడు రోజులకు ఏడిళ్ళు మాట్లాడుకుని అన్నం తిని బడికెళ్ళేవారు. ప్లీడరయ్యాక కూడా "ఏడిళ్ళ అన్నం తిన్నవాణ్ణి" అని గట్టిగానే చెప్పుకునేవారు. సంక్రాంతికి హరిదాసు వస్తే ఆయన నోరు తెరిచి అడగడు. గుమ్మం ముందు మోకాలి మీద వంగుతాడు, తలమీద అక్షయపాత్రలో పిల్లలం బియ్యం పోసేవాళ్ళం. దాన్ని అడుక్కోవడం అని మా ఇంట్లో ఎవరూ అనలేదు.

లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏ వేళ ఎవరొచ్చినా పొయ్యి వెలిగించారు. గుమ్మంలో నిలబెట్టి నువ్వు పాత్రుడివా, అపాత్రుడివా అని ఇంటర్వ్యూ చేయలేదు. ఇప్పుడు ఆంధ్రలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. నా ఓటు అన్నానికే. మనిషి నోటితో "చాలు" అనిపించేది అదొక్కటే.

రాత్రి_షిఫ్టు
గోదారి గారూ, సీతమ్మగారు పీట వేసి, విస్తరి వేసి, మారు వడ్డించారు. మనం అరవై సెకన్ల సిగ్నల్లో కారు అద్దం దించి పడేస్తున్నాం. వారాలబ్బాయి పేరు ఆ ఏడిళ్ళవాళ్ళకూ తెలుసు. ఉప్పల్ పెద్దమ్మ పేరు ఈ టాపిక్ పెట్టినాయనకైనా తెలుసా?

గోదారి_గట్టు
దీనికి నా దగ్గర జవాబు లేదు.

మిరపతోట
వారాల మాట వచ్చింది కాబట్టి. ఆ ఏడిళ్ళు ఏ కులం పిల్లలకు దొరికేవో కూడా చెప్పుకోవాలి కదండీ. మా తాతకూ చదువు మీద ఆశ ఉండేదట. ఆయనకు ఎవరూ వారం ఇవ్వలేదు. గేదెలు కాశాడు. పాత్రుడా అపాత్రుడా అన్నది గుమ్మం దగ్గరికి రాకముందే తేలిపోయేది. మీ తాతగారిని అనడం లేదు, ఆయన తిన్న అన్నం ఆయన కష్టమే. కానీ పాతకాలం అంతా పీట వేసి పెట్టిందంటే మాత్రం నాకు మింగుడుపడదు.

నల్లకోటు
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భిక్షాటన నిరోధక చట్టం 1977లో వచ్చింది. దేశమంతటికీ కలిపి ఒకే చట్టం లేదు, రాష్ట్రాలవే ఉన్నాయి, చాలావాటికి 1959 నాటి బొంబాయి చట్టం నమూనా. ఆ బొంబాయి చట్టమే ఢిల్లీలోనూ అమలయ్యేది. అడుక్కోవడాన్ని నేరం చేసే సెక్షన్లను 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 2021 జూలైలో, కొవిడ్ రోజుల్లో, బిచ్చగాళ్ళను రోడ్ల మీద లేకుండా చేయమని ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్తే, గతిలేకే అడుక్కుంటారు, దీన్ని సంపన్నుల కళ్ళతో చూడలేం అని కోర్టు ఒప్పుకోలేదు.

ఇందోర్‌లో కథ తిరగబడింది. అక్కడ 2025 జనవరి 1 నుంచి బిచ్చం వేసినవాడి మీద కూడా కేసులు పెట్టడం మొదలుపెట్టారు. మన రైళ్ళలో అయితే రైల్వే చట్టం 144వ సెక్షన్ ఎప్పటినుంచో ఉంది. పెట్టెలోగానీ స్టేషన్లోగానీ అడుక్కుంటే ఏడాది దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ అని అందులో మొదట రాశారు. అడుక్కునేవాడి దగ్గర గీక్కునేవాడు అన్న సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఇంకా దొరకలేదు.

చంచల్‌గూడ_పోరడు
గా బిచ్చగాళ్ళను రోడ్ల మీదికెళ్ళి ఊడ్చుడు ముచ్చట నేను కండ్లార చూసిన. 2017 నవంబర్ల అమెరికా ప్రెసిడెంట్ బిడ్డ ఇవాంకా ట్రంప్ మీటింగ్‌కు వస్తుందని హైదరాబాద్‌ల రెండు నెలలు అడుక్కునుడు బంద్ పెట్టిన్రు. దొరికినోళ్ళను దొరికినట్టు చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళకాడ ఆనందాశ్రమాలల్ల పెట్టిన్రు. మా గల్లీ మొగల నుంచి వ్యాన్లు పోతుండె. స్నానం పోయించిన్రు, కటింగ్ చేయించిన్రు, కడుపునిండ పెట్టిన్రు, అబద్ధమెందుకు. మస్తు మందికి ఇండ్లున్నయ్, పిల్లలున్నరు, మళ్ళ అడుక్కోమని రాయించుకొని ఇంటికి తోలిన్రు. మీటింగ్ అయిపోయినంక జర రోజులకు దర్గా కాడ చూస్తే గా మొఖాలే. 2000ల క్లింటన్ వచ్చినప్పుడు గిట్లనే చేసిన్రని మా నాయిన అంటడు.

పెద్దోళ్ళు వచ్చినప్పుడే మన కండ్లకు వాళ్ళు అడ్డమైతరు. మామూలుగ కనవడనే కనవడరు.

కారు_తాళాలు
ముసలివాళ్ళకైతే ఇవ్వొచ్చు. సిగ్నల్లో చప్పట్లు కొట్టుకుంటూ వచ్చే బ్యాచ్ సంగతేంటి? వాళ్ళకు ఒళ్ళొంగదు, ఇవ్వకపోతే శాపనార్థాలు...

నిర్వాహకులు
పై పోస్టులో చివరి రెండు వాక్యాలు తీసేశాం. అభిప్రాయం చెప్పండి, మనుషులను తిట్టొద్దు.

పిల్లల_పక్షం
కారు తాళాలు గారూ, "ఒళ్ళొంగదు" అనేముందు ఒక్కసారి మీ ఆఫీసులో ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులు ఎందరున్నారో లెక్కపెట్టండి. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్‌లో 39 మందిని అసిస్టెంట్లుగా తీసుకుంటే చేరారు కదా. పని ఇస్తే ఒళ్ళొంగింది. నన్ను కూడా ఒకసారి సిగ్నల్లో చెయ్యి పట్టుకుని లాగారు, భయపడ్డాను, అదీ నిజమే. రెండూ నిజమే.

నేను చెప్పాలనుకున్నది పిల్లల గురించి. వారాంతాల్లో ఒక స్వచ్ఛంద సంస్థతో బస్తీల్లో తిరుగుతుంటాను. పిల్లల చేతిలో డబ్బు పెట్టకండి. ఇది ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నాను. సిగ్నల్లో కారు తుడిచే గుడ్డ పట్టుకుని రోజుకు నాలుగు వందలు తెచ్చే పిల్లాణ్ణి బడికి పంపమని తల్లికి చెప్పి చూశాను. "నాలుగు వందలు బడి ఇస్తదా మేడమ్" అంది. ఆకలిగా కనిపిస్తే అక్కడే విప్పి తినేది ఇవ్వండి. అరటిపండు తొక్క తీసి ఇవ్వండి, అమ్ముకోలేరు. పిల్లాడు చిన్నగా ఉన్నంతకాలమే జాలి పడతాం. పన్నెండేళ్ళు దాటగానే అదే పిల్లాణ్ణి "పని చేసుకోరా" అంటాం. అప్పటికి వాడికి వచ్చిన పని చెయ్యి చాపడం ఒక్కటే.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఏ సిగ్నల్, ఏ వైపు, ఎన్ని గంటలకు అన్నది చెప్పండి, చాలు. పిల్లలతో అడుక్కుతినిపించేవాళ్ళకు బాలల న్యాయ చట్టం 76వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు, లక్ష జరిమానా ఉంది. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు తిరుగుతారు, పిల్లలను తీసుకెళ్తారు. ఆగస్టులో అదే పిల్లాడు అదే సిగ్నల్లో నన్ను చూసి నవ్విన రోజూ ఉంది. అయినా ఫోన్ చేస్తూనే ఉంటాను.

రాత్రి షిఫ్టు గారూ, మీరు చూసిన పసిపిల్ల గురించి కూడా అలాగే ఫోన్ చేయండి. దయచేసి ఫోటో తీసి "పిల్లల్ని ఎత్తుకొచ్చే ముఠా" అని గ్రూపుల్లో పెట్టకండి. 2018 మే నెలలో అలాంటి వాట్సాప్ పుకార్లు నమ్మి, చాంద్రాయణగుట్టలో రంజాన్ భిక్షకు వచ్చిన ట్రాన్స్‌జెండర్లను మూక కొట్టింది. ఒకరు చనిపోయారు.

రాత్రి_షిఫ్టు
ఫోటో తీశాను, గ్రూపులో పెట్టలేదు. 1098 సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదు. రేపు చేస్తాను.

బెజవాడ_బస్టాండు
ఒకసారి నేనే అడుక్కున్నాను. రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించి రాస్తున్నా.

ఐదేళ్ళ క్రితం, రాత్రి పదకొండున్నర, విజయవాడ బస్టాండు. టీ తాగి చూసుకుంటే బ్యాగు లేదు. పర్సు, ఫోను అందులోనే. ఏలూరు పోవడానికి వంద చాలు. మంచి చొక్కా, మెడలో ఐడీ కార్డు, చేతులో ఏమీ లేదు. "సార్, బ్యాగు పోయింది, ఊరికి టికెట్టు..." అనగానే ఎదుటివాడి కళ్ళు మూతపడిపోవడం కనిపిస్తుంది. అనగానే! వాక్యం కూడా పూర్తికాదు. ఎందుకంటే ఆ డైలాగు వాళ్ళు వందసార్లు విన్నారు, నేనూ విన్నాను. పదకొండు మందిని అడిగాను, లెక్కపెట్టాను. ఒకాయన మాట్లాడకుండా రెండు రూపాయల బిళ్ళ చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆ బిళ్ళ పట్టుకుని నిలబడితే చెవులు వేడెక్కాయి. ఒకావిడ పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది.

చివరికి టీ కొట్టాయన ఫోన్ ఇచ్చాడు. మా తమ్ముడు ఆయన నంబరుకు రెండు వందలు కొడితే గల్లాపెట్టెలోంచి తీసి ఇచ్చాడు. టీ డబ్బులు మినహాయించుకునే ఇచ్చాడులెండి.

ఇంత జరిగాక నేను మారిపోయి ఉండాలి కదా. ఇప్పటికీ ఎవరైనా వచ్చి "పర్సు పోయింది సార్" అంటే నేను నమ్మను. ఫోన్ ఇస్తాను, మీవాళ్ళ నంబరు చెప్పండి అంటాను. నలుగురిలో ముగ్గురు నంబరు చెప్పకుండా వెళ్ళిపోయారు.

డల్లాస్_తెలుగోడు
ఇక్కడ సిగ్నల్లో అట్టముక్క మీద రాసి పట్టుకుంటారు, నోరు తెరవరు. మేం ఎక్కువమందిమి అద్దం దించం, భయం. కానీ ఇండియా వచ్చినప్పుడు అమ్మానాన్నల పేరు మీద అన్నదానానికి డబ్బు కడతాం, తిరుమలలో, షిర్డీలో. ఎదురుగా ఉన్నవాడికి ఇవ్వడం కన్నా రసీదు వచ్చే దానం సులువు. ఒప్పుకుంటున్నా.

టిఫిన్_కొట్టు
రసీదు మాటకొస్తే, విజయవాడలో ఒకాయన రిక్షా తొక్కి తొక్కి మోకాళ్ళు పోయాక సాయిబాబా గుడి దగ్గర అడుక్కుంటూ, అదే గుడికి ఏళ్ళ తరబడి కలిపి ఎనిమిది లక్షలు ఇచ్చాడని 2020లో పేపర్లన్నీ రాశాయి. మా మెట్ల మీదవాళ్ళకు చదివి వినిపించాను. కాళ్ళు లేని ఆయన "మోకాళ్ళకు ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా" అన్నాడు.

మందుల_షాపు
ఫార్మసిస్టుని. రెండు మాటలు.

ఒకటి, పాలడబ్బా. "డబ్బులొద్దు అన్నా, పాపకు పాలడబ్బా కొనివ్వండి" అని షాపుదాకా తీసుకొస్తారు. మీరు నాలుగు వందలు పెట్టి కొని, మనసు నిండి వెళ్ళిపోతారు. పది నిమిషాలకు సీలు తీయని డబ్బా వెనక్కి వస్తుంది, సగం ధరకు తీసుకోమంటారు. నేను తీసుకోను, తీసుకునే షాపులున్నాయి. కాబట్టి డబ్బు కాకుండా వస్తువు ఇస్తే మోసం ఉండదనుకోకండి. కొంటే సీలు కోసి ఇవ్వమని షాపువాడికే చెప్పండి. నిజంగా పాప ఉన్నామె ఏమీ అనుకోదు.

రెండు, ఉప్పల్ బండి గారి పెద్దమ్మ. ఆమె పది రూపాయలే ఎందుకు అడిగింది? జనరిక్ షాపులో మెట్‌ఫార్మిన్ ఐదొందల పవరు పది బిళ్ళల షీటు అటూ ఇటూగా ఆ ధరకే వస్తుంది. ఆమె లెక్క సరిగ్గానే ఉంది. అలాగని మీరు కొని ఇవ్వకండి, ఏ పవరు వాడుతుందో, ఎన్నిపూటలో మీకు తెలియదు. బస్తీ దవాఖానాలో షుగరు, బీపీ మందులు ఉచితం. అడ్రసు చెప్పండి, నడవలేకపోతే ఆటోకు డబ్బివ్వండి.

ఉప్పల్_బండి
అందరికీ థాంక్స్. ఒక డౌటు. ఐదు రూపాయల భోజనం ఉండగా తిండికి అడుక్కోవాల్సిన పని ఏంటి?

చంచల్‌గూడ_పోరడు
అన్నా, గందుకే పైసలియ్యాలె. 2014 నుంచి హైదరాబాద్‌ల ఐదు రూపాయలకు అన్నం పెడుతున్నరు, గిప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లంటున్నరు. నువ్వు పది ఇస్తే రెండు పూటల పని. బిస్కెట్ ఇస్తే బిస్కెటే. ఇగ రాత్రికి అది ఉండది. లైన్ల నిలవడనీకి కాళ్ళు ఉండాలె.

సచివాలయం_ఉద్యోగి
ఆంధ్రలో అన్న క్యాంటీన్లలో మూడు పూటలా ఉంది, పూటకు ఐదు. కానీ క్యాంటీన్ ఉన్నవి ఎక్కువగా పట్టణాలే.

పింఛను సంగతి చెప్తాను. మా దగ్గర వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నాలుగు వేలు. ఇంటికెళ్ళి ఇస్తాం. వేలిముద్ర ముసలామెది, డబ్బు లెక్కపెట్టుకునేది కొడుకు. నా ఎదురుగానే. "మీ అమ్మ ఎక్కడ ఉంటోంది" అని ఒకసారి అడిగితే "పట్నంలో పని చేసుకుంటోంది" అన్నాడు. ఏం పనో ఆమె ముఖం చూస్తే తెలిసింది. నెలకోసారి వేలు పెట్టడానికి వస్తుంది. నేనేం చేయగలను? సీనియర్ సిటిజన్ల చట్టం కింద కొడుకు మీద ఫిర్యాదు చేయొచ్చని చెప్పాను. కొడుకు మీద కేసా అని నన్నే తిట్టింది.

ఉప్పల్_బండి
అప్‌డేట్. రాత్రి షిఫ్టు గారు అడిగిన దగ్గర్నుంచి పేరు విషయం గుచ్చుకుంటోంది. ఇవాళ అరగంట ముందు బయల్దేరి, స్కూటీ మెట్రో స్తంభం పక్కన పెట్టి వెళ్ళాను. పెద్దమ్మ లేదు.

అక్కడ పూలమ్మే ఆవిడను అడిగాను. ఊరికి పోయిందట, మోత్కూరు అవతల ఏదో పల్లె. పింఛను పైసలకు వేలు పెట్టాలని కొడుకు ఫోన్ చేయించాడట. "వేలు పెట్టంగనే మళ్ళ బస్సెక్కిస్తడు, ఆడోళ్ళకు బస్సు ఫ్రీయే గద" అంది పూలావిడ. సచివాలయం గారి పోస్టు నిన్న రాత్రే చదివాను కాబట్టి నేనేమీ అడగలేదు. పేరేంటని మాత్రం అడిగాను. ఆవిడకూ తెలియదు, నాలుగేళ్ళుగా పక్కపక్కన కూర్చుంటున్నారట, "పెద్దమ్మా అనే పిలుస్త" అంది.

బస్తీ దవాఖానా ఎక్కడుందో కనుక్కున్నాను, సిగ్నల్ నుంచి నడిచేంత దూరంలో లేదు, ఆటో ఎక్కాల్సిందే. బిస్కెట్లు మెత్తబడ్డాయి. ఆఫీసులో టీలో ముంచుకుని మేమే తినేశాం. చొక్కా జేబులో పది నోట్లు నాలుగు విడిగా పెట్టుకున్నాను. సోమవారానికల్లా వస్తుందట.